బుగ్గమ్మ బండ

ఆ ఎండాకాలం తాండూరులో నిద్రకు వేళాపాళా లేదు. మా ఇళ్ళన్నీ రాతి ఇళ్ళు. గోడ రాయి, నేల రాయి, పైన కప్పు కూడా రాయే. పగలంతా ఎండను తాగిన రాయి పొద్దుగూకాక దాన్ని మెల్లమెల్లగా వదిలేది. వాకిట్లో పడుకున్నా ఒళ్ళు కాలేది. సగం నిద్రలో గనికి పోయేవాళ్ళం, సగం నిద్రలో తిరిగొచ్చేవాళ్ళం. అందుకేనేమో, అప్పుడు జరిగినవి ఇప్పుడు తలుచుకుంటే జరిగినట్టూ ఉంటాయి, కలలో చూసినట్టూ ఉంటాయి.

నేను దోమ అనే ఊరి దిక్కు పిల్లను. మావాళ్ళు గొర్రెల కాపరులు. పెళ్ళయి తాండూరు నాపరాయి గనుల దగ్గరికి వచ్చి అప్పటికి ఏడాది. ఇంట్లో ముగ్గురమే. మా అత్త బుగ్గమ్మ, నా మొగుడు భీమయ్య, నేను. మామ ఈరయ్యను నేను చూడలేదు. కానీ ఇంటి వెనక గోడకు ఆనించి ఆయన చేతిపని ఒకటి ఉండేది. మనిషి పొడవును మించిన నాపరాతి బండ. నీలి రంగు. ఎక్కడా చార లేదు, పగులు లేదు. మబ్బు పట్టినప్పుడు దానివైపు చూస్తే నీళ్ళను నిలువునా నిలబెట్టినట్టు ఉండేది.

కాగ్నా నది ఒడ్డున వదిలేసిన పాత గని ఒకటి ఎండాకాలం ఎండిపోతే, అందులోకి దిగి మామా అత్తా ఇద్దరే ఆ బండను లేపారట. పొర విడిచినప్పుడు గుడిగంట మోగినట్టు మోగిందని అత్త చెప్పేది. ఇద్దరిలో ముందు పోయినవాళ్ళ మీద దీన్ని కప్పాలని మామ అన్నాడట. ఆ తర్వాత రజాకార్ల గడబిడ వచ్చింది. చెల్లెలిని చూసి వస్తానని ధారూరు దిక్కు పోయిన మనిషికి అక్కడే జ్వరం తగిలింది. రైళ్ళు నడవని రోజులు. కబురు అందేసరికి ఆయన్ను మట్టిలో పెట్టి నెల దాటింది. బండ ఇక్కడ ఉండిపోయింది, మనిషి అక్కడ ఉండిపోయాడు.

అప్పటి నుంచి అత్త ఆ బండను తనకోసం దాచుకుంది. రోజూ సాయంత్రం తడిగుడ్డతో తుడిచేది, చంటిబిడ్డ ముఖం తుడిచినట్టు. గనులవాళ్ళందరికీ అది ఎవరి బండో, ఎందుకున్నదో తెలుసు. ఆడుకునే పిల్లలు కూడా దానికి ఆనుకునేవాళ్ళు కాదు.

ఆంధ్ర, తెలంగాణ కలిసి ఒక రాష్ట్రమై రెండేళ్ళవుతున్న ఆ వేసవిలోనే గనులవాళ్ళు తమకంటూ ఒక ఇల్లు కట్టుకోవాలనుకున్నారు. పేరుకు సంఘం ఉంది గానీ దానికి కూర్చునే చోటు లేదు. మీటింగైతే ఎండలో, నాటకమైతే గని ఒడ్డున. పోయిన వానాకాలం ఒక మనిషి గనిలో జారిపడితే పడుకోబెట్టడానికి నీడ దొరకలేదు. వానలోనే అతని మీద గోనెపట్టా పట్టుకుని నిలబడ్డారు. ఆ మనిషి బతికాడు. పట్టా పట్టుకున్నవాళ్ళలో భీమయ్య ఒకడు. సంగం ఇల్లు అన్న మాట మొదట ఆయన నోటి నుంచే వచ్చింది.

గనిలో లేచే నిండు బండలన్నీ యజమానులవి. బండ్లెక్కి స్టేషనుకు, అక్కడి నుంచి రైలెక్కి ఎక్కడెక్కడికో పోయేవి. మాకు మిగిలేవి మూల పోయినవి, నడుము విరిగినవి. మా ఇళ్ళు వాటితోనే లేచాయి, సంగం ఇల్లు కూడా వాటితోనే లేవసాగింది. పని దిగాక మగవాళ్ళు ముక్కకు ముక్క కూర్చి గోడ పెట్టేవాళ్ళు. ఆడవాళ్ళం మట్టి తొక్కేవాళ్ళం, నీళ్ళు మోసేవాళ్ళం. సేడం దిక్కు నుంచి వచ్చిన కన్నడంవాళ్ళు గనికి అవతలి ఒడ్డున ఉండేవాళ్ళు. అంతకుముందు వాళ్ళ గుడిసెలు వాళ్ళవి, మా ఇళ్ళు మావి. ఆ వేసవిలో వాళ్ళూ ఇటు వచ్చారు. వాళ్ళ పెద్ద జంగప్ప గోడకట్టులో చెయ్యి తిరిగిన మనిషి. మట్టి తొక్కుతూ మేం ఒక పాట ఎత్తుకుంటే రెండో చరణం కన్నడంలో వినబడేది. ఆ సందెవేళల్లో తెల్లని రాతిదుమ్ము అందరి తలల మీదా ఒకేలా పడి, ఎవరు ముసలివాళ్ళో ఎవరు పడుచువాళ్ళో తెలిసేది కాదు.

గోడలు మనిషి ఎత్తు లేచాక లోపల నడిమధ్యన ఒక గద్దె కట్టారు. మాట్లాడేవాళ్ళు దాని మీద నిలబడాలి, నాటకమాడేవాళ్ళు దాని మీద ఆడాలి. దాని మీద మాత్రం ముక్కలు పరచడానికి ఎవరికీ మనసొప్పలేదు.

ఒకరోజు మధ్యాహ్నం జంగప్ప మా పెరట్లోకి వచ్చాడు. చేతిలో తాడు. భీమయ్య ఇంట్లో లేడు. జంగప్ప తాడును బండ పొడుగునా పట్టి ముడివేసి, అడ్డంగా పట్టి ఇంకో ముడి వేస్తుంటే అత్త వచ్చి నిలబడింది. చెంబుతో నీళ్ళిచ్చింది. ఆయన తాగేదాకా ఆగి, ఏం కొలుస్తున్నవు అని అడిగింది. భీమయ్య నిన్నటి మీటింగులో ఈ బండను సంగం ఇంటికి ఇస్తానని నలుగురిలో మాట ఇచ్చాడని, ఆమెకు తెలిసే ఉంటుందనుకున్నానని జంగప్ప నీళ్ళు నమిలాడు. అత్త ఖాళీ చెంబు కోసం చెయ్యి చాచింది.

"సరిపోయిందా?" అంది.

"హౌదక్కా. సరిపోయింది."

ఆమె చెంబు తీసుకుని లోపలికి పోయింది. జంగప్ప తాడును ముడులతో సహా మా గోడ మీదే వదిలేసి, వచ్చిన దారినే పోయాడు.

ఆ రాత్రి భీమయ్యను నేనే అడిగాను, కన్నతల్లికి ఒక మాట చెప్పొద్దా అని. ఆయన వాకిట్లో మంచం మీద తల వంచుకుని కూర్చున్నాడు.

"ఏమని చెప్పాలె? నాయినకు గోరి లేదు. ఏడ పండుకున్నడో ఎవ్వరికి ఎర్క లేదు. ఆయన రాయి పదేండ్ల సంది గోడకు ఒరిగి నిలబడ్డది. నలుగురు కూసునే కాడ పెడితె తప్పా?"

లోపలి నుంచి అత్త గొంతు నన్ను పిలిచింది. గొంతు పెంచలేదు. కొడుకును పలకరించనూ లేదు.

"బీరమ్మా, వానితోని చెప్పు. నాయిన రాయి అంటున్నడు. ఒక్కని చేతులతోని లేచిందా ఆ రాయి?"

అంతే. ఆ రోజు నుంచి ఆమె కొడుకుతో మాట్లాడలేదు. అన్నం వండేది, నాతో పెట్టించేది. చెప్పాల్సింది ఉంటే నాతో చెప్పించేది. ఇద్దరూ ఒకే గుమ్మంలో ఎదురుపడి, వానితోని చెప్పు, అవ్వతోని చెప్పు అని నా ముఖం చూసేవాళ్ళు. మొదట్లో నవ్వొచ్చేది. రానురాను ఆ ఇంట్లో నా గొంతు ఒక్కటే తిరుగుతున్నట్టు, మిగతా ఇద్దరూ నా కలలోకి వచ్చిపోతున్నట్టు ఉండేది.

భీమయ్య వారం తిరక్కుండానే మీటింగులో లేచి, తల్లిని అడగకుండా మాటిచ్చాను, ఆ బండ మాట మరిచిపొమ్మని చెప్పాడు. గద్దె మీద మట్టి మెత్తి అలుకుదామన్నారు. కానీ ఎవరూ మెత్తలేదు. ఇంటికి కప్పు పడింది, తలుపు వచ్చింది, గద్దె మాత్రం బోడిగా ఉండిపోయింది. కొడుకు మాట వెనక్కి తీసుకున్నాడని అత్తకు నేనే చెప్పాను. ఆమె బండ తుడుస్తూ విన్నది. తుడుస్తూనే ఉంది.

రోహిణి కార్తె ఎండలు మండుతుండగా ఒక పొద్దున ఆమె కొత్త చీర కట్టుకుంది. "పా పిల్లా, ధారూరు పోయొద్దాం" అంది. పదేళ్ళుగా ఆ ఊరి పేరు తలిస్తేనే ముఖం తిప్పుకునే మనిషి.

రైల్లో కిటికీ పక్కన కూర్చుని బయటికే చూసింది. ఎర్రటి చెలకలు, ఆకు లేని మోదుగులు, దూరంగా ఎండలో వణుకుతూ నీళ్ళలా మెరిసే నేల. ధారూరులో దిగి, చెలకల మీదుగా నడిచి మామ చెల్లెలి ఊరు చేరాం. ఆ చెల్లెలూ అప్పటికే లేదు. ఆమె కోడలు రుక్కమ్మ ఉంది. మేమెవరమో తెలిసి కాళ్ళకు నీళ్ళిచ్చి, మామను మట్టిలో పెట్టిన వాగు ఒడ్డుకు మమ్మల్ని తీసుకుపోయింది. అక్కడ నిలబడి చాలాసేపు అటూ ఇటూ చూసింది.

"ఏడనని చూపియ్యాలె అత్తా? మొన్నటేడు వాగొచ్చి మీద పెట్టిన రాళ్ళన్ని కొట్టుకపోయినయ్. గీ గడ్డ మీదనే. ఏడనో గీడనే."

ఆ గడ్డంతా గొర్రెలు. మిట్టమధ్యాహ్నం ఎండకు మంద కదలకుండా నిలబడి ఉంది. ఒక దాని పొట్ట కింద ఒకటి తల పెట్టుకుని, నీడకు నీడ అప్పిచ్చుకున్నట్టు. కాపలా మనిషి తుమ్మచెట్టు కింద గొంగడి మీద కునుకుతున్నాడు. అత్త మందలోకి నడిచింది. గొర్రెలు జరిగి దారి ఇచ్చి, మళ్ళీ కలుసుకున్నాయి. కొంతదూరం పోయాక ఆమె నేల మీద కూర్చుంది. కాసేపటికి కొంగు తల కింద పెట్టుకుని ఒరిగింది. గొర్రెల మధ్య ఆమె చీర రంగు కూడా కనబడకుండా పోయింది.

నేను తుమ్మనీడలో కూర్చున్నాను. పుట్టింటి వాసన. ఉన్ని, పెంట, ఎండిన గడ్డి. ఎప్పుడు కళ్ళు మూతపడ్డాయో తెలియదు. గొంగడి కప్పుకున్న మనిషి ఒకాయన మందలో మెల్లగా నడుస్తున్నాడు. ఒక్కో గొర్రె వీపు మీద చెయ్యి వేస్తూ పోతున్నాడు. మామ ముఖం నాకు తెలియదు కనుక ఆయన నా వైపు తిరగలేదు. అత్త పడుకున్న చోటికి వచ్చి ఆగాడు. అప్పుడు గొర్రెలు కదిలిన అలికిడికి నాకు మెలకువ వచ్చింది. పొద్దు వాలింది. అత్త లేచి చీరకంటిన మట్టి దులుపుకుంటోంది.

స్టేషనుకు నడిచి వచ్చేటప్పుడు, దారి సగమయ్యాక ఆమె అంది.

"సల్లగున్నది పిల్లా. మీద ఏ రాయి లేకున్నా సల్లగనే ఉన్నది."

రైలెక్కాక నా భుజం మీద తల పెట్టి తాండూరుదాకా నిద్రపోయింది. అంత నిండు నిద్ర ఆమె పోగా నేను చూడలేదు.

మర్నాడు గని అవతలి ఒడ్డుకు ఒక్కతే నడిచిపోయి, జంగప్ప గుడిసె ముందు నిలబడి, బండి కట్టుకుని రమ్మని చెప్పింది. బండ మీద ఎవరి పేరూ చెక్కొద్దంది. మామ పేరు కూడానా అని జంగప్ప అడిగాడట. ఆయన్ను చూడాలంటే నేను ధారూరు పోత అని చెప్పిందట.

సాయంత్రం బండి వచ్చింది. బండి నిండా వరిగడ్డి పరిచారు. ఎండ తగ్గిన వేళ సంగం మనుషులంతా మా పెరట్లో నిలబడ్డారు. భీమయ్య దగ్గరికి రాలేదు. పొయ్యికట్టెల దగ్గర నిలబడి నేల చూస్తున్నాడు. మగవాళ్ళు బండను పట్టబోతుంటే అత్త వాళ్ళను ఆపి, నా వైపు తిరిగింది.

"వానితోని చెప్పు. తల దిక్కు వాన్ని పట్టుకొమ్మను."

నేను చెప్పనక్కర్లేకపోయింది. ఆయన వచ్చి పట్టుకున్నాడు. గోడకు ఇన్నేళ్ళూ ఆనిన చోట సున్నం పోయి బండ ఆకారంలోనే ఒక మచ్చ మిగిలింది. బండి మెల్లగా పోయింది. వెనక మేమంతా నడిచాం. ఎవరూ గట్టిగా మాట్లాడలేదు, ఎవరూ ఏడవలేదు. శవం వెనక నడుస్తున్నట్టూ ఉంది, పెళ్ళికూతురిని అత్తగారింటికి సాగనంపుతున్నట్టూ ఉంది. గద్దె మీద బండ దిగి కూర్చున్నాక జంగప్ప నాలుగు మూలలా తట్టి చూశాడు. ఎక్కడా కదల్లేదు. అత్త తడిగుడ్డతో చివరిదాకా తుడిచి ఇంటికి వచ్చింది. ఆ రాత్రి కూడా కొడుకుతో మాట్లాడలేదు.

మర్నాడు మధ్యాహ్నం ఆమె ఇంట్లో కనబడలేదు. అంతలో సంగం పెద్ద అంజిలయ్య గనికి వచ్చి, భీమయ్యను పక్కకు పిలిచి గొణిగాడు. ఇల్లు ఇంకా పేరుకు తెరవనేలేదు, మీ అవ్వ పోయి గద్దె మీద పడుకుంది, చూసినవాళ్ళు ఏమనుకుంటారు, సంగం ఇల్లంటే మీటింగులకు కదా, జర నచ్చజెప్పి తోలుకపో అన్నాడు. నేను అప్పుడే సద్దిమూట తెచ్చి అక్కడ ఉన్నాను. భీమయ్య సుత్తె కింద పెట్టి నడిచాడు. ఆయన వెనకే నేనూ నడిచాను. ఇవ్వాళ తల్లీకొడుకులకు నా గొంతు సరిపోదేమోనని భయమేసింది.

బయట నిప్పులు చెరుగుతున్న ఎండ. లోపల అడుగు పెడితే కళ్ళకు ఏమీ కనబడలేదు. తర్వాత మెల్లగా కనబడింది. అత్త బండ మీద పక్కకు తిరిగి పడుకుని ఉంది. ఆమె పక్కన వరసగా పసిపిల్లలు. గనిలో పనిచేసే ఆడవాళ్ళ పిల్లలు. రోజూ గని ఒడ్డున చీరల ఉయ్యాలల్లో, రాతిదుమ్ములో, ఎండకు ముఖాలు కందిపోయి ఏడ్చే పిల్లలు. కన్నడంవాళ్ళ పిల్లలూ ఉన్నారు, మావాళ్ళ పిల్లలూ ఉన్నారు. చొక్కాల్లేని పొట్టలు చల్లటి రాతికి ఆనించుకుని, నోళ్ళు తెరుచుకుని ఒళ్ళు తెలియని నిద్ర పోతున్నారు. అత్త పొద్దున్నుంచి ఒడ్డు వెంట నడిచి, ఒక్కో తల్లినీ అడిగి ఒక్కో పిల్లను ఎత్తుకొచ్చిందని తర్వాత తెలిసింది.

పడమటి కిటికీకి ఇంకా రెక్క పెట్టలేదు. వడగాలి నేరుగా లోపలికి కొడుతోంది. భీమయ్య తలకున్న రుమాలు విప్పి, మూలనున్న కుండలో ముంచి, కిటికీకి అడ్డంగా కట్టబోయాడు. ఒక కొస జారి, కుండ మూత కింద పడి చప్పుడైంది.

అత్త కళ్ళు తెరిచింది. నా వైపు చూడలేదు. సూటిగా కొడుకునే చూసింది.

"సప్పుడు జెయ్యకు. ఇప్పుడే పండుకున్నరు."

భీమయ్య తలూపాడు. రెండో కొస కూడా కట్టాడు. తడిగుడ్డ మీదుగా గాలి చల్లబడి లోపలికి రావడం మొదలైంది. ఆయన మునివేళ్ళ మీద నడిచి బయటికి వచ్చి, అంజిలయ్యతో ఏం చెప్పాడో గానీ, ఆ తర్వాత అత్తను అక్కడి నుంచి లేవమన్నవాళ్ళు లేరు.

మృగశిర వచ్చింది. సంగం ఇంట్లో మొదటి మీటింగు పెట్టుకున్న రోజే మొదటి వాన పడింది. గనిలో అవతలి అంచున పనిచేస్తున్న ఆడవాళ్ళు వానకు అక్కడే చిక్కుకున్నారు. వాళ్ళ పిల్లలు బండ మీద నిద్రపోతూనే ఉన్నారు. గద్దె మీదికి ఎక్కి మాట్లాడాల్సిన అంజిలయ్య కాసేపు చూసి, ఎక్కకుండా కిందే నిలబడ్డాడు. గొంతెత్తి మొదలుపెట్టగానే ఒక పిల్ల కదిలి కుంయ్‌మంది. ఆయన గొంతు తగ్గించాడు. తర్వాత మాట్లాడినవాళ్ళూ తగ్గించే మాట్లాడారు. వినబడక జనం ముందుకు జరిగి, ఒకరికొకరు ఆనుకుని కూర్చున్నారు. మగవాళ్ళ పక్కన ఆడవాళ్ళు, మావాళ్ళ పక్కన కన్నడంవాళ్ళు. కప్పు మీద వాన, కింద గుసగుసల్లా మాటలు. గనుల్లో మనిషికి దెబ్బ తగిలితే యజమానులు ఏం చెయ్యాలో ఆ రోజే తీర్మానం చేసుకున్నారు. తర్వాతి ఏళ్ళలో ఆ మాట మీదే సమ్మె కూడా నడిచింది, గెలిచాం కూడా. జంగప్ప పైదూలాలకు ఇనుప కొక్కేలు దిగ్గొట్టి ఉయ్యాలలు వేలాడదీశాడు. నా పిల్లలు ఇద్దరూ వాటిలోనే పెరిగారు. నేను వాళ్ళను అత్త చేతికిచ్చి గనికి పోయేదాన్ని.

మొదటి వాన పడిన ఆ సాయంత్రం మీటింగు అయిపోయి అందరూ లేచారు. వాన ఇంకా పడుతూనే ఉంది. తల్లులు ఒక్కొక్కరే తడిసి వచ్చి ఎవరి పిల్లను వాళ్ళు ఎత్తుకుపోయారు. బండ మీద ఒక్క పిల్లవాడే మిగిలాడు. భీమయ్య తల్లి దగ్గరికి పోయాడు.

"చీకటి పడుతున్నది. ఇంటికి పోదాం పా అవ్వా."

"వీని తల్లి ఇంక రాలే" అంది అత్త.

భీమయ్య గుమ్మంలోంచి వానలోకి చూశాడు. మళ్ళీ వెనక్కి వచ్చి, ఆమె పక్కన బండ మీద కూర్చున్నాడు. అత్త పిల్లవాడిని కొంచెం జరిపి చోటిచ్చింది. నేను పొయ్యి అంటించాలని బయల్దేరాను. వాకిలి దాటుతుంటే వెనక ఇద్దరూ ఏదో మాట్లాడుకోవడం వినబడింది. మాటలు తెలియలేదు. నేను ఆగి వినలేదు.